బాటమ్‌లెస్ పోర్టాఫిల్టర్: కొనాలా, లేత్ షాపులో కోయించుకోవాలా

ముందే ఒక మాట. బాటమ్‌లెస్ పోర్టాఫిల్టర్ పెట్టినంత మాత్రాన కాఫీ బాగుపడదు. గిన్నె అడుగు నుంచి ఒకే ధార సన్నగా సాగుతూ దిగే వీడియోలు చూసి చాలామంది దీనికోసం వెతుకుతారు, తీరా తెప్పించుకున్నాక మొదటి రోజే గోడ మీద, చొక్కా మీద కాఫీ చిమ్మేసరికి ఇదేం గోల అని పక్కన పడేస్తారు. కానీ ఆ చిమ్మడం చూపించడమే దీని పని.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా: ఎస్ప్రెస్సో మెషీన్‌కి పిడి పట్టుకుని తిప్పి బిగిస్తామే, గరిటె లాంటిది, అదే పోర్టాఫిల్టర్. అందులో కాఫీ పొడి పట్టే చిల్లుల గిన్నె బాస్కెట్. మామూలు పోర్టాఫిల్టర్‌కి కింద ఒక అడుగు, దానికో జంట ముక్కు ఉంటాయి. పొడిలో నీళ్లు ఎక్కడ అడ్డదారి పట్టినా అంతా ఆ ముక్కులో కలిసిపోయి కప్పులో పడుతుంది కాబట్టి పైకి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఆ అడుగు తీసేసిందే బాటమ్‌లెస్, అందులో బాస్కెట్ కింది భాగం మొత్తం కళ్లెదుట ఉంటుంది, దాక్కోవడానికి ఏమీ ఉండదు. ఇంకో రెండు చిన్న లాభాలు కూడా ఉన్నాయి. ముక్కు లోపల కాఫీ జిడ్డు పేరుకునే సమస్య పోతుంది (మీ పాత ముక్కు ఒకసారి విప్పి లోపల వాసన చూడండి, మళ్లీ మాట్లాడుకుందాం), కప్పు పైన కాస్త ఎత్తు కలిసొస్తుంది కాబట్టి కింద కాటా పెట్టి దాని మీద గ్లాసు పెట్టుకోవచ్చు.

నష్టం ఏంటంటే ఒకేసారి రెండు కప్పుల్లోకి పంచలేం. మామూలు రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు గానీ ఇంటికి చుట్టాలొచ్చి హాల్లో నలుగురు కూర్చుని ఉంటే అప్పుడు జంట ముక్కు విలువ తెలుస్తుంది. అందుకే మెషీన్‌తో వచ్చిన దాన్ని, అది ఒక్కటే ఉంటే, ఎట్టి పరిస్థితుల్లోనూ కోయించకండి. రెండోది సంపాదించాకే మిగతా కథ.

ఎవరికి పనికిరాదు

పంపు లేకుండా ఆవిరి ఒత్తిడితోనే నడిచే చిన్న మెషీన్లు ఉంటాయి, పైన మూత తిప్పి నీళ్లు పోసి మళ్లీ మూత బిగించేవి. మన రాయలసీమ జిల్లాల్లో మిక్సీలు, గ్రైండర్లు అమ్మే షాపుల్లో ఎస్ప్రెస్సో మెషీన్ అని అడిగితే చాలాసార్లు ఇదే తెచ్చి చూపిస్తారు. ఎస్ప్రెస్సోకి కావాల్సింది పొడి మీద దాదాపు 9 బార్ల ఒత్తిడి, ఆవిరి మెషీన్లు అందులో సగం దాకా వస్తే గొప్ప. వీటికి బాటమ్‌లెస్ పెట్టడం డబ్బు దండగ. పంపు మెషీన్ల పెట్టె మీద 15 బార్లు, 20 బార్లు అని రాసి ఉంటుంది చూడండి, అది పంపు గరిష్ఠంగా ఇవ్వగల ఒత్తిడి మాత్రమే, ఆ నంబరు చూసి మురిసిపోవాల్సిన పనిలేదు.

రెండోది, మీ బాస్కెట్‌ను వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. లోపలి వైపు బోలెడన్ని చిల్లులుండి, బయటి వైపు మధ్యలో ఒకే ఒక్క సన్న చిల్లు ఉంటే అది రెండు పొరల బాస్కెట్, ప్రెషరైజ్డ్ అంటారు. పొడి ఎలా ఉన్నా నురగ వచ్చేలా చేసే ఏర్పాటు అది. దాన్ని బాటమ్‌లెస్‌లో పెడితే ఆ ఒక్క చిల్లులోంచి సన్నటి ధార ఎటు తిరిగి ఉంటే అటు చిమ్ముతుంది, చూడాల్సింది ఏమీ కనిపించదు. కాబట్టి ఒంటి పొర బాస్కెట్ ఉండాలి, అంటే వెలుతురుకి పెడితే అన్ని చిల్లుల్లోంచీ వెలుగు రావాలి. కొన్ని మెషీన్లలో ఈ ఒత్తిడి ఏర్పాటు బాస్కెట్‌లో కాకుండా పోర్టాఫిల్టర్ అడుగులోనే స్ప్రింగూ ప్లాస్టిక్ ముక్కా పెట్టి చేస్తారు, అలాంటిది కోసే ముందు లోపల ఏముందో విప్పి చూసుకోండి.

ఒంటి పొర బాస్కెట్ అంటే గ్రైండర్ కూడా ఉండాలి. మిక్సీలో పొడి చేస్తే కుదరదు, అందులో సగం దుమ్ము, సగం రవ్వ. కాఫీ పొడి కొట్టులో ఫిల్టర్ కోసం పట్టించిన పొడి, అందులోనూ చికోరీ కలిపింది, ఈ బాస్కెట్‌లో వేయొద్దు. చికోరీ తడిసి ముద్దయిపోయి చిల్లులు మూసుకుపోతాయి. మన ఫిల్టర్ కాఫీకి అది ప్రాణం, కాదనను, ఇక్కడ మాత్రం వద్దు. అరకుదో చిక్కమగళూరుదో గింజ తెచ్చుకుని ఇంట్లో పట్టుకోండి, మన రెండు దిక్కులా కాఫీ పండుతుంటే ఇంకెక్కడికో పోవాల్సిన పనిలేదు.

కొలత అంటే మిల్లీమీటర్లు ఒక్కటే కాదు

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. గాజియా క్లాసిక్, రాన్సిలియో సిల్వియా, ఈ61 గ్రూపు (పోర్టాఫిల్టర్ బిగించే మెషీన్ తలను గ్రూపు అంటారు) ఉన్న పెద్ద మెషీన్లు (ఫేమా కంపెనీ 1961లో తెచ్చిన డిజైన్ అది, పేరులో 61 అందుకే) 58 మిల్లీమీటర్లవి. బ్రెవిల్ బాంబినో, బరిస్టా ఎక్స్‌ప్రెస్ లాంటివి 54. డెలాంగీ డెడికా 51. ఈ నంబరు బాస్కెట్ సైజు, ఎంత ట్యాంపర్ (పొడిని అదిమే దిమ్మ) కావాలో చెప్పే నంబరు. పోర్టాఫిల్టర్ మీ మెషీన్‌లో బిగుస్తుందా లేదా అన్నది ఈ నంబరు చెప్పదు. అది చెప్పేవి చెవులు, అంటే పక్కలకు పొడుచుకొచ్చి మెషీన్ గాడిలో జారే ఆ ముక్కలు. కొన్నింటికి రెండు చెవులు, కొన్నింటికి మూడు. రెండూ 58 అయినా చెవి మందంలో ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఒకటి సగంలోనే ఆగిపోతుంది, ఇంకొకటి గిర్రున తిరిగి అవతలి పక్కకు పోతుంది.

కాబట్టి వెర్నియర్ కాలిపర్ తీసుకుని (లేకపోతే లేత్ షాపులో కచ్చితంగా ఉంటుంది, అడిగితే కొలిచిస్తారు) మీ ఒరిజినల్‌కి ఈ నాలుగూ రాసుకోండి. లోపలి వ్యాసం ఎంత, ఒక చెవి కొస నుంచి ఎదుటి చెవి కొసకు ఎంత, చెవి మందం ఎంత, చెవి పైభాగం నుంచి పోర్టాఫిల్టర్ అంచు దాకా ఎత్తు ఎంత. ఆన్‌లైన్లో అమ్మేవాళ్లలో కాస్త బాధ్యత ఉన్నవాళ్లు ఈ కొలతలు ఇస్తారు. ఇవ్వకుండా "అన్ని 58 మెషీన్లకూ సరిపోతుంది" అని రాస్తే ఆ పేజీ మూసేయండి. మీ మెషీన్ మోడల్ నంబరు పేరుపెట్టి రాసి ఉండాలి, అదే మోడల్ ఉన్నవాళ్లు కింద ఫొటో పెట్టి ఉంటే ఇంకా మంచిది.

51, 54 సైజుల వాళ్లకు నా సలహా సూటిగా ఒక్కటే: కొనేయండి. ఆ మెషీన్ల కోసమే తయారైన బాటమ్‌లెస్‌లు బాస్కెట్‌తో సహా మన దేశంలోని ఆన్‌లైన్ షాపుల్లోనే దొరుకుతున్నాయి. ఒకప్పుడు చైనా నుంచి నేరుగా తెప్పించుకునేవాళ్లు, 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను కేంద్రం నిషేధించాక ఆ దారి పోయింది, ఇప్పుడు అవే వస్తువులు ఇక్కడి అమ్మకందార్ల పేరుతో కొంచెం ధర ఎక్కువతో వస్తున్నాయి, పోనీలెండి, సరిపోకపోతే వెనక్కి పంపే వీలైనా ఉంటుంది. వస్తువు రాగానే బాస్కెట్ పెట్టకుండా ఒకసారి, పెట్టి ఒకసారి మెషీన్‌కి బిగించి చూడండి. పిడి మెషీన్‌కి ఎదురుగా, మన వైపు సూటిగా వచ్చి బిగిస్తే సరిగ్గా ఉన్నట్టు. కాస్త ఎడమకు ఆగినా పర్వాలేదు, రబ్బరు గాస్కెట్ అరిగేకొద్దీ మధ్యలోకి వస్తుంది. బాగా కుడికి పోతుంటే మాత్రం గాస్కెట్ మందం మార్చాలి, ఈ61 మెషీన్లకైతే 8, 8.5, 9 మిల్లీమీటర్ల మందాల్లో గాస్కెట్లు దొరుకుతాయి.

కోయించుకోవడం ఎప్పుడు లాభం

రెండో పోర్టాఫిల్టర్ కొని, హోల్ సా (గుండ్రంగా చిల్లు కోసే రంపం) కొని, కూలీ ఇచ్చి, ఇంత చేస్తే కొత్త బాటమ్‌లెస్ ధర దాటిపోవచ్చు, అలాంటప్పుడు ఎందుకు ఈ తిప్పలు అంటే మూడు సందర్భాలున్నాయి. పెద్ద మెషీన్లలో చాలావాటికి పెట్టెలోనే రెండు పోర్టాఫిల్టర్లు ఇస్తారు, ఒకటి జంట ముక్కుది, ఇంకొకటి ఒంటి ముక్కుది. ఆ ఒంటి ముక్కుది ఇళ్లలో ఎవరూ వాడరు, అల్మారాలో పడుంటుంది, కోయడానికి అదే సరైంది. రెండో సందర్భం, మూతపడిన కెఫేల సామాను. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు ఒకే 44వ నంబరు హైవే మీద పొద్దున వెళ్లి సాయంత్రానికి రాగలిగే దూరం, అక్కడ కాఫీ మెషీన్లు రిపేరు చేసేవాళ్ల దగ్గర పాత పోర్టాఫిల్టర్లు మూలన పడి ఉంటాయి, మీ కొలతలు రాసుకున్న చీటీ, కుదిరితే మీ ఒరిజినల్ కూడా వెంట తీసుకెళ్లండి. మూడోది, మీ మెషీన్‌కి సరిపోయే బాటమ్‌లెస్ అసలు ఎక్కడా దొరకకపోవడం.

కోసే ముందు లోహం ఏంటో తెలియాలి. చేతిలో పెట్టుకుంటేనే సగం తెలిసిపోతుంది, ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు. అనుమానముంటే ముక్కు విప్పి లోపలి మరల దగ్గర సూదితో గీయండి. పసుపు కనిపిస్తే ఇత్తడి మీద క్రోమ్ పూత, కోయొచ్చు. తెల్లగా కనిపిస్తే అల్యూమినియమో జింకు పోతో అయి ఉంటుంది, కోయడం తేలికే గానీ పూత పోయిన చోట సబ్బు నీళ్లకు నల్లబడి పొడిపొడిగా రాలుతుంది, తినే తాగే వస్తువుకి నేనైతే వద్దంటాను. అయస్కాంతం పరీక్ష ఇక్కడ పనిచేయదు, ఈ లోహాల్లో దేనికీ అంటుకోదు.

అసలు అడుగు తీసేస్తే బాస్కెట్ దేనిమీద నిలబడుతుంది అనే అనుమానం చాలామందికి వస్తుంది. బాస్కెట్ అడుగు మీద ఆనదు. దాని పై అంచు పోర్టాఫిల్టర్ అంచు మీద కూర్చుంటుంది, లోపలి గోడలో ఉన్న సన్న గాడిలో తీగ స్ప్రింగ్ ఒకటి దాన్ని జారిపోకుండా పట్టుకుంటుంది. అడుగుకి ఏ బరువూ లేదు, కేవలం కాఫీని ముక్కు దగ్గరికి చేర్చే గిన్నె అది. కాబట్టి గోడనీ గాడినీ ముట్టుకోకుండా అడుగు ఎంత తీసినా బలం తగ్గదు.

లేత్ షాపులో

పని బాగా రావాలంటే లేత్ మీద చేయించడమే. మన దగ్గర దీనికి కొదవలేదు, అనంతపురం జిల్లాలో బోరు లేని పల్లె లేదు, బోరు మోటార్లకు గన్‌మెటల్ బుష్‌లు తిప్పే లేత్ షాపులు ప్రతి టౌనులోనూ ఉంటాయి. రోజూ గన్‌మెటల్ తిప్పే చేతికి ఇత్తడి కొత్త కాదు. వేసవిలో మోటార్ల పని మీద పడి ఉంటారు, అప్పుడు మీ కాఫీ గోల పట్టించుకోరు, వానలు పడ్డాక వెళ్లండి, లేదా పొద్దున్నే షట్టర్ తీసే సమయానికి. చూపించగానే "ఏంది సార్ ఇది, అడుగు తీసేస్తే ఇంగ దేనికి పనికొస్తాది?" అని అడగడం ఖాయం. మాటలతో చెప్పడం కంటే బాస్కెట్ కూడా తీసుకెళ్లి అందులో పెట్టి చూపించండి, ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, ఎక్కడ ఎంత కోయాలో మీకంటే బాగా వాళ్లే చెప్తారు.

ఇంట్లోనే స్ప్రింగ్ తీసేసి, ముక్కు విప్పి, పిడి కూడా విప్పి తీసుకెళ్లండి. పిడి మరతో బిగించి ఉంటుంది, ఎడమకు తిప్పితే వస్తుంది, రాకపోతే కాసేపు వేడి నీళ్లలో పెట్టండి. పిడి తీసినా మెడ ముక్క కొంచెం పక్కకు పొడుచుకునే ఉంటుంది, లేత్ తిరిగేటప్పుడు అది కూడా గిర్రున తిరుగుతుంది, చెయ్యి తగిలితే చెయ్యి పోతుంది. తక్కువ స్పీడులో తిప్పమని చెప్పండి, మీరు దూరంగా నిలబడండి. చక్‌లో, అంటే లేత్ వస్తువును పట్టుకునే దవడల్లో, పట్టే చోట చెవులకు గాట్లు పడకుండా మధ్యలో రాగి రేకో అల్యూమినియం రేకో పెట్టమని తప్పకుండా చెప్పాలి, చెవి మీద గాటు పడితే మెషీన్‌లో బిగించిన ప్రతిసారీ గ్రూపు గాడిని గీరుతుంది. మామూలుగా ఈ మాట చెప్పక్కర్లేదు, మంచి పనివాడికి తెలుసు, అయినా చెప్పండి.

ఎంత వ్యాసం తీయాలి? బాస్కెట్ కింద చిల్లులున్న ప్రదేశం వ్యాసం కొలవండి, దానికంటే ఎక్కువ ఉండాలి, పోర్టాఫిల్టర్ లోపలి వ్యాసానికి కొంచెం తక్కువ ఉండాలి. 58 సైజుకి మామూలుగా 51 నుంచి 54 మిల్లీమీటర్ల మధ్య తీస్తారు. చిల్లుల చివరి వరస అంచు వెనక దాక్కుంటే అక్కడ చుక్కలు అంచుకి అంటుకుని పక్కకు జారుతాయి, చూడాల్సింది పూర్తిగా కనిపించదు. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల అంచు మిగిల్చితే బల్ల మీద నిలకడగా కూర్చుంటుంది.

లేత్ దొరకకపోతే నిలువు డ్రిల్లింగ్ మిషన్, బైమెటల్ హోల్ సా. 51 అంటే 2 అంగుళాలు, 54 అంటే 2 1/8 అంగుళాలు, ప్లంబింగ్ సామాను, పనిముట్లు అమ్మే షాపుల్లో అడగండి, లేకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు, సికింద్రాబాదు రాణిగంజ్. హోల్ సాకి ఒక చిక్కుంది. దాని మధ్యలో ఉండే డ్రిల్ బిట్టే దాన్ని కదలకుండా నిలబెడుతుంది, కానీ పోర్టాఫిల్టర్ అడుగు మధ్యలో ఇప్పటికే ముక్కు బిగించే చిల్లు ఉంది, చాలావాటికి 3/8 అంగుళం పైపు మర. బిట్టుకి పట్టు దొరకదు, హోల్ సా ఎగిరెగిరి పడి క్రోమ్ అంతా గీతలు పడుతుంది. అందుకని గట్టి చెక్క, తుమ్మ అయితే మరీ మంచిది, ఆ చిల్లుకి సరిపడా గుండ్రంగా చెక్కి సుత్తితో బిగించి, దాని నడిమధ్యలో గుర్తు పెట్టి అప్పుడు డ్రిల్ దించండి. లోపల కూడా ఒక చెక్క దిమ్మ పెట్టి, బోర్లించి, బల్లకి బిగించాలి. చేత్తో పట్టుకుని చేసే పని కాదిది. స్పీడు నిమిషానికి 300 చుట్ల లోపే, ఒత్తిడి తక్కువగా, ఇత్తడి పంటిని పట్టుకుని లాగుతుంది కాబట్టి చివర్లో ఇంకా నెమ్మదిగా. ఇత్తడి పొట్టు సన్నగా సూదుల్లా ఎగురుతుంది, కళ్లద్దాలు లేకుండా ఆ దగ్గరికి వెళ్లొద్దు. చేతి డ్రిల్‌తో ప్రయత్నించొద్దు, మణికట్టు తిరిగిపోతుంది.

తాడిపత్రి వైపు గ్రానైట్ పనివాళ్ల దగ్గర రాతికి గుండ్రటి చిల్లు పెట్టే కోర్ బిట్లు ఉంటాయి, చూడగానే ఆశ పుడుతుంది. అవి రాయిని అరగదీసే డైమండ్ బిట్లు, మెత్తటి ఇత్తడి వాటి ముఖానికి పూసుకుపోయి బిట్టూ పాడవుతుంది, మీ పనీ కాదు. యాంగిల్ గ్రైండర్ సంగతి ఎత్తకండి.

అంచు పని

కోసి తెచ్చాక మిగిలింది మీ చేతిపని, తొందరపడకూడనిదీ ఇదే. అర్ధచంద్రాకారపు ఆకురాయితో లోపలి అంచు చుట్టూ కొద్దిగా ఏటవాలు చేయండి. ఆకురాయిని ఎప్పుడూ క్రోమ్ వైపు నుంచి ఇత్తడి వైపుకే తోయాలి, అప్పుడు పూత లోహానికి అదిమినట్టు ఉంటుంది. ఎదురు తోస్తే పూత అంచు లేచి పొరలుగా ఊడుతుంది, ఊడిన క్రోమ్ పెచ్చు బ్లేడు కంటే పదును, అది కప్పులో పడటం మనకు అక్కర్లేదు. తర్వాత ఎమరీ పేపర్ 120, 240, 400, 600 వరసగా, చివర్లో తడిపి. అయిపోయిందో లేదో వేలితో చూడొద్దు, పాత నూలు గుడ్డ ముక్క అంచు వెంట గుండ్రంగా తిప్పండి, ఎక్కడైనా పోగు తట్టుకుంటే అక్కడ ఇంకా పని ఉంది.

పచ్చి ఇత్తడి బయటపడింది కదా, కళాయి పెట్టిస్తే ఎలా ఉంటుంది అనే ఆలోచన మన ఇళ్లలో పెరిగిన ఎవరికైనా వస్తుంది. అవసరం లేదు. కాఫీ బాస్కెట్ మధ్య నుంచి నేరుగా కప్పులోకి పడుతుంది, అంచుకి తగిలేది అరుదు. పైగా కళాయికి కావాల్సిన వేడికి పక్కనున్న క్రోమ్ రంగు మారిపోతుంది. గిన్నెల సబ్బు, వేడి నీళ్లు, పాత టూత్ బ్రష్‌తో గాడిలో ఇరుక్కున్న పొట్టూ ఆయిలూ పోయేదాకా రెండు మూడుసార్లు కడిగి, పొడి లేకుండా మెషీన్‌కి బిగించి వేడి నీళ్లు వదలండి, మొదటి కాఫీ సింకులో పారబోయండి. చాలు.

పెట్టాక ఏం చూడాలి

లెక్క మామూలే: 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా లేకుండా ఇది మొదలుపెట్టొద్దు. పొడి బాస్కెట్‌లో వేశాక ఉండలు లేకుండా సన్నటి సూదులతో అడుగు దాకా కలపాలి, 2005లో జాన్ వైస్ అనే ఆయన చెప్పిన ఉపాయం ఇది, ఆయన పేరు మీదే వైస్ డిస్ట్రిబ్యూషన్ టెక్నిక్, పొట్టిగా డబ్ల్యూడీటీ అంటారు. సూదుల మందం 0.3, 0.4 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కుట్టుసూది లావు, అది పొడిని కలపదు, దున్నుతుంది. గిటార్ తీగల్లో అన్నిటికంటే సన్నది తెచ్చి నాలుగైదు ముక్కలు చేసి బిరడాకి గుచ్చుకుంటే కొనేదానికి ఏమీ తీసిపోదు. తర్వాత ట్యాంపర్‌తో అదమడం. ఎంత గట్టిగా అన్నదానికంటే వంకర లేకుండా అదమడం ముఖ్యం. లోతైన బాస్కెట్ వాడితే అది కింది అంచు కంటే బయటికి పొడుచుకొస్తుంది, అలాంటప్పుడు రాతి గట్టు మీద పెట్టి అదిమితే బాస్కెట్ పైకి లేచిపోతుంది, గట్టు అంచున పోర్టాఫిల్టర్ అంచునే ఆనించి అదమండి.

మొదటి రోజుల్లో ముఖం దగ్గరగా పెట్టి చూడొద్దు, చిమ్మేది తొంభై డిగ్రీల దగ్గరున్న కాఫీ, పిల్లలుంటే మరీ జాగ్రత్త. ఫోన్ కింద పెట్టి వీడియో తీసుకుని తర్వాత చూసుకోవడం నాకు నచ్చిన పద్ధతి, కంటికి అందనివి అందులో దొరుకుతాయి.

బాగా వచ్చినప్పుడు అడుగంతా దాదాపు ఒకేసారి ముదురు రంగు చుక్కలు పుట్టి, అవి కలుసుకుంటూ మధ్యలోకి చేరి ఒకే ధారగా దిగుతాయి. అలా కాకుండా ఒకచోట సన్నగా పిచికారీ చిమ్మితే అక్కడ పొడిలో దారి తెగింది, నీళ్లు అందులోంచే పరిగెడుతున్నాయి, దీన్నే చానలింగ్ అంటారు. దానివల్లే ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. చుట్టూ అంచు వెంట ముందు కారి మధ్య చాలాసేపు పొడిగా ఉండిపోతే పొడి సమంగా పరుచుకోలేదు. మొత్తం పది సెకన్లలో కారిపోతే పొడి లావుగా ఉంది, పదిహేను సెకన్లయినా చుక్క రాకపోతే మరీ సన్నగా ఉంది. గింజ పాతదైతే మీరెంత కలిపినా, ఎంత అదిమినా చిమ్ముతూనే ఉంటుంది, వేయించిన తేదీ లేని ప్యాకెట్ కొని పోర్టాఫిల్టర్‌ను తిట్టొద్దు.

ఎప్పుడూ ఒకే పక్క ముందు కారుతుంటే ఒక పరీక్ష ఉంది. బాస్కెట్‌ను పోర్టాఫిల్టర్‌లో సగం చుట్టు తిప్పి పెట్టి మళ్లీ తీయండి. కారే వైపు కూడా తిరిగితే తప్పు బాస్కెట్‌ది. తిరగకుండా అదే పక్క ఉంటే మీరు అదిమేటప్పుడు చెయ్యి ఎప్పుడూ ఒకవైపే వాలుతోందేమో చూసుకోండి, అదీ కాకపోతే మెషీన్‌దే. ముందు మెషీన్ మీద రసమట్టం పెట్టి చూడండి, గట్టు వాలుగా ఉండొచ్చు. తర్వాత పైన నీళ్లు దిగే జల్లెడ విప్పండి. అనంతపురం బోరు నీళ్లు ఎలాంటివో కొత్తగా చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్‌తో పాటు సున్నం కూడా దండిగా ఉంటుంది, ఆ నీళ్లు పోస్తే కొన్నాళ్లకు జల్లెడ చిల్లులు సగం మూసుకుపోతాయి, నీళ్లు తెరుచుకున్న వైపు నుంచే పడతాయి. మామూలు ముక్కు పోర్టాఫిల్టర్‌తో ఇది ఏళ్ల తరబడి తెలియకుండా పోతుంది.

కోయించిన దాని ఇత్తడి అంచు కొన్నాళ్లకు నల్లబడుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పచ్చగా చిలుం పడితే మాత్రం తీసేయాలి, కాస్త చింతపండు రాసి తోమితే పోతుంది, తోమాక బాగా కడిగి గుడ్డతో తుడవండి. రాత్రంతా తడిగా సింకులో వదిలేయొద్దు, ఇంట్లో డిష్‌వాషర్ ఉంటే అందులో అసలు పెట్టొద్దు, క్రోమ్ అంచు నుంచి లేవడం అక్కడే మొదలవుతుంది. స్ప్రింగ్ వదులైతే పిప్పి దులిపేటప్పుడు బాస్కెట్ కూడా చెత్తబుట్టలో పడుతుంది, తీసి వంపు కొంచెం సరిచేసి మళ్లీ గాడిలో పెడితే సరిపోతుంది.